ఏడు తర్వాత ఆరు

మా కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు కుట్టే ఆవిడంటే నాకు ఏడుపు. ఇన్నాళ్లూ ఈ మాట ఎవరి దగ్గరా అనలేదు, మా ఆయన దగ్గర కూడా. ఎవరైనా అడిగితే "మంచి మనిషి, పని బాగా చేస్తుంది" అని ముక్తసరిగా చెప్పి ఊరుకునేదాన్ని. నేను సాహిత్యం చెప్పే లెక్చరర్ని. రెండు పెద్ద చదువులు, ఇరవై రెండేళ్ల సర్వీసు, గోడ మీద అద్దం కట్టించిన ఒక సన్మాన పత్రం. ఆవిడ చదివింది ఏడో తరగతి. అలాంటి మనిషి మీద నీకు కుళ్లేమిటమ్మా అని మీరు నవ్వొచ్చు. నవ్వండి. ఆవిడ గది ముందు నుంచి నడవాల్సి వస్తుందని క్యాంటీనుకు చుట్టు తిరిగి వెళ్లిన రోజులున్నాయి నాకు.

ఆ గది లైబ్రరీ వెనక, మెట్ల కింద ఉంటుంది. పొడవాటి బల్ల, చక్రం తిప్పితే దిగే ఇనప ప్రెస్సు, మూలన కటింగు మిషను, మేకులకు వేలాడే దారపు ఉండలు, మూత సరిగ్గా పడని జిగురు డబ్బా. కిటికీ తీస్తే సైకిల్ స్టాండు. అట్టలు ఊడినవీ వెన్ను విరిగినవీ గోడ వారన తమ వంతు కోసం పడి ఉంటాయి. ఆవిడ కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, సూది పెదవుల మధ్య పెట్టుకుని, అలాగే మాట్లాడేస్తుంది. పిల్లలు ఆవిణ్ణి పిన్ని అంటారు. నన్ను మేడం అంటారు. నా ఏడుపు అక్కడే మొదలైంది.

ఆవిడ సంగతులు నాకు బాగా తెలుసు. గిట్టనివాళ్ల గురించి తెలుసుకున్నంత శ్రద్ధగా మనం అయినవాళ్ల గురించి తెలుసుకోం. ఆవిడ భర్త బస్సు డ్రైవరు, వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే ఉంటాడు. మామగారు మా కాలేజీలోనే బైండరు. ఆయనకు చూపు మందగించాక పని పోతుందని భయపడి కోడల్ని వెంటబెట్టుకుని వచ్చేవాడట. ఆయన స్టూలు మీద కూర్చుని, కుట్టు వేళ్లతో తడిమి, "ఇది వదులు, విప్పు" అనేవాడు. ఈవిడ విప్పేది. మళ్లీ కుట్టేది. మళ్లీ విప్పేది.

పుస్తకం అంటే మనకు పేజీలు. వాళ్లకు ఫారాలు. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చువేసి మడిస్తే ఒక ఫారం. అలాంటివి పదో పన్నెండో వరసగా పేర్చి కుడితే పుస్తకం. ఆ వరస తప్పకూడదు. చూపు ఆననివాడు వరస ఎలా సరిచూస్తాడు? అందుకని ఆయన ఒక పద్ధతి పెట్టాడు. ప్రతి ఫారం చివరి మాటలు, దాని తర్వాతి ఫారం మొదటి మాటలు కోడలు పైకి చదవాలి. కథ అతుక్కుంటే సూది ఎక్కించాలి, అతుక్కోకపోతే వెతకాలి.

అలా చదవడం మొదలుపెట్టిన మనిషి అక్కడితో ఆగలేదు. మధ్యలో ఏముందో తెలియకుండా అతుకు సరిగ్గా ఉందని ఎలా చెప్పడం అని మొత్తం చదివేది. మామగారు పోయాక పని ఆవిడకే ఇచ్చారు. వినే మనిషి లేకపోయినా పైకి చదివే అలవాటు పోలేదు. మధ్యాహ్నం అన్నం డబ్బాలు పట్టుకుని నీడ వెతుక్కునే పిల్లలు ఒక్కొక్కరే ఆ గదిలో చేరారు. ఆవిడ అతుకు దగ్గర ఆగి అడిగేది: "ఇక్కడిదాకా ఈ మనిషికి ఏం తెలుసు? ఇప్పుడు కొత్తగా ఏం తెలిసింది?" ఆవిడ సాహిత్య విమర్శంతా ఆ రెండు ప్రశ్నలే. ప్రతీక, ధ్వని, వ్యంగ్యం, ఇతివృత్తం వంటి మాటలు ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు. నేను మాత్రం వాటితోనే బతుకుతున్నాను.

ఒక ఏడాది పాఠ్యపుస్తకంలో ఒక పాత కథ వచ్చింది. పడవ మీద వెళ్లి తిరిగిరాని భర్త కోసం ఒక ఇల్లాలు రోజూ చీకటి పడగానే గుమ్మంలో లాంతరు పెడుతుంది. చివరి రోజు గుమ్మం చీకటిగా ఉంటుంది. కథ అయిపోతుంది. నేను బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి మరీ చెప్పాను, లాంతరు ఆశకు ప్రతీక, అది ఆరిపోవడం నిరాశకు ప్రతీక అని. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం మెట్ల దగ్గర నిలబడి విన్నాను. విన్నానంటే పొంచి విన్నాను, దాచడమెందుకు.

"ఆరిపోయింది అని ఎక్కడుందిరా?" అంటోంది ఆవిడ. "ఆరిపోలేదు. వెలిగించలేదు. లాంతరులో నూనె ఉంది, అగ్గిపెట్టె చేతిలో ఉంది. రెండూ రాశాడు చూడు. ముందురోజు ఏమైంది? పక్కింటావిడ వచ్చి, నీ లాంతరు చూసుకునే మా ఆయన ఒడ్డుకు చేరాడమ్మా అని దండం పెట్టింది. రోజూ తను వెలిగిస్తే వేరేవాళ్ల మొగుడు ఇంటికొచ్చాడు. ఇది నిరాశ కాదమ్మా. కడుపుమంట."

పిల్లలు "అమ్మో" అన్నారు. ఆ గొంతుల్లో ఒకటి మా అమ్మాయిది.

మా అమ్మాయి అప్పుడు మా కాలేజీలోనే రెండో సంవత్సరం. ఇంట్లో పక్క గదిలో నేనుంటాను. ఏదైనా సందేహం వస్తే నన్ను అడగదు, "రేపు పిన్నినడుగుతా" అంటుంది. "నేనున్నాను కదే, గోడకున్న క్యాలెండర్‌లా కనబడుతున్నానా?" అని ఒకసారి ఎగిరాను. "నువ్వు నోట్సులో ఉన్నదే చెప్తావమ్మా" అంది, కోపంగా కాదు, ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పినంత మామూలుగా. కన్నకూతురు. నా కడుపులో నుంచి వచ్చి, మెట్ల కింద గదిలో కూర్చుని, ఇంకొకావిడ మాటలకు కళ్లు పెద్దవి చేసుకుంటుంటే ఏ తల్లికి మాత్రం ఒళ్లు మండదు?

ఆ కథ మీద పరీక్షలో ప్రశ్న వచ్చింది. దిద్దింది నేనే. ఒక్క పేపరులో మాత్రం నిరాశ బదులు కడుపుమంట అని, ఎందుకో కారణాలతో సహా ఉంది. పేర్లు దాచి నంబర్లు వేశారు కానీ ఆ అక్షరాలు దిద్దించినదాన్ని నేను, గుర్తుపట్టనా? తొమ్మిదికి తగ్గకూడని జవాబు అది. ఐదు వేశాను. నిరాశ అని రాసిన నలభై మందికీ తలా ఏడు వేశాను. మార్కులు చెప్పిన రోజు మా అమ్మాయి నన్నేమీ అడగలేదు. అడిగి ఉంటే దెబ్బలాడి తేలిక పడేదాన్ని.

అయినా నాకూ ఒక చోటు ఉంది, ఆవిడ చెయ్యి పడనిది. అది ఒక పాత నాటకం. అందులో అన్న న్యాయాధికారి, తమ్ముడు ధాన్యం గిడ్డంగికి కాపలాదారు. గిడ్డంగి తగలబడుతుంది. తగలబెట్టింది తమ్ముడే అని నేరం మోపుతారు, విచారణ అన్న ముందుకే వస్తుంది. మూడో అంకంలో విచిత్రం జరుగుతుంది. మొదటి సాక్షి నోరు తెరవగానే అన్న శిక్ష చెప్పేస్తాడు. ఆ తర్వాత సాక్ష్యాలు వస్తాయి. ముగ్గురు సాక్షుల్లో ఆఖరిది వాళ్ల కన్నతల్లి. ప్రతి సాక్షినీ అన్న "మళ్లీ చెప్పండి" అని అడుగుతూ ఉంటాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో లైబ్రరీ ప్రతి చదివి నేను ఎగిరి గంతేశాను. తీర్పు ముందు, సాక్ష్యం తర్వాత! నాటకకర్త కాలాన్ని కావాలనే తలకిందులు చేశాడని వ్యాసం రాశాను. లోకంలో తీర్పు ముందే రాసి ఉంటుంది, సాక్ష్యం తర్వాత వెతుక్కుంటారు అన్నాను. తల్లికి చిన్నవాడంటే ముద్దు కాబట్టి పెద్దవాడికి అసూయ అన్నాను. శిక్ష వేసేశాక కూడా తల్లి చేత మళ్లీ మళ్లీ చెప్పించుకుని ఆ పెద్దవాడు లోలోపల సంతోషిస్తాడని రాశాను. ఆ అంకంలో మూడు చోట్ల మాట సగంలో తెగిపోయి, పక్క పేజీలో వేరెవరో వేరేదో మాట్లాడుతుంటారు. దానికి 'తెగిన వాక్యం' అని పేరు పెట్టాను. అసూయతో కుళ్లిన మనసులో భాష కూడా తెగిపోతుంది అని దాని మీదే ఆరు పేజీలు నింపాను.

ఆ వ్యాసం నన్ను నిలబెట్టింది. ఒక సదస్సులో చదివితే ఒక పెద్దాయన లేచి వచ్చి చేతులు పట్టుకుని, "నేను కుర్రతనంలో ఈ నాటకం చదివానమ్మా, ఇంత మెలిక ఉందని గమనించనే లేదు" అన్నాడు. పక్క కాలేజీల్లోనూ నా నోట్సే చెప్పారు. పిల్లలు నాకు 'తీర్పు మేడం' అని పేరు పెట్టారు. నాటకం ఎవరూ చదవలేదు, నోట్సు అందరూ చదివారు. చదవాలన్నా పుస్తకం ఎక్కడిది? ఉన్న ఒక్క ప్రతీ ఇరవై రెండేళ్లుగా నా అల్మారాలోనే ఉంది. లైబ్రరీవాళ్లు అడిగి అడిగి మానేశారు.

కిందటేడు ఒక ప్రచురణకర్త పాత నాటకాలు మళ్లీ అచ్చువేస్తున్నానంటూ వచ్చాడు. ఈ నాటకానికి ఇంకో ప్రతి ఎక్కడా దొరకలేదట. నన్ను ముందుమాట రాయమన్నాడు, నా పేరు అట్ట మీద వేస్తానన్నాడు. ముప్పై పేజీలు రాశాను. పుస్తకం మీద నా పేరు పడటం అదే మొదలు. ఎవరి కోసమని అడిగితే ఒక్కటే జవాబు. అది మా అమ్మాయి చేతిలో పెట్టాలి. ఇది నోట్సు కాదే, చూడు, అనాలి. మెట్ల కింద ఆవిడ ఎంత చెప్పినా పుస్తకం మీద పేరు ఉండదు కదా.

పేజీలు ఫోటో తీయడానికి కుట్టు విప్పి పంపమన్నాడు ప్రచురణకర్త. విప్పేది ఎవరు? ఆవిడే. పుస్తకం చేతికిస్తూ, "జాగ్రత్త, ఇదొక్కటే ఉంది" అన్నాను. పైకి ఆవిణ్ణి 'మీరు' అంటాను, లోపల మాత్రం ఎప్పుడూ 'నువ్వే'. ఆవిడ వెన్ను తడిమి చూసి నవ్వింది.

"నా చేతి కుట్టే మేడం ఇది. చేరిన కొత్తలోది. ముడి చూడండి, ఎంత మొద్దుగా వేశానో."

మూడు రోజులు కబురు లేదు. నాలుగో రోజు ఆవిడే మా డిపార్టుమెంటు గుమ్మంలోకి వచ్చింది. ఎప్పుడూ రాదు. చేతులు కొంగుతో తుడుచుకుంటూ, "ఒకసారి గదికి వస్తారా మేడం" అంది. వెళ్తే గదిలో పిల్లలెవరూ లేరు. తలుపు దగ్గరగా వేసింది.

బల్ల మీద ఫారాలు విడివిడిగా పరిచి ఉన్నాయి. ఒకదాన్ని తీసి మడత నావైపు తిప్పింది. కుట్టు లోపల దాక్కునే చోట, మడత మీద, చిన్న అంకె అచ్చయి ఉంది. ఐదు. దాని పక్కదాని మీద ఏడు. ఆ పక్కదాని మీద ఆరు. తర్వాత ఎనిమిది.

"అయితే?" అన్నాను.

"నేను తప్పు కుట్టాను మేడం. ఆరు ముందు రావాలి, ఏడు ముందు పెట్టేశాను. ఇది కుట్టినప్పుడు మామగారు ఆస్పత్రిలో ఉన్నారు. నేనొక్కదాన్నే ఉన్నాను. ఎవరికి చదివి వినిపించను? చదవకుండా కుట్టిన పుస్తకం ఇదొక్కటే. కిందవైపు కూడా ఎక్కువ కోసేశాను, పేజీ నంబర్లన్నీ పోయాయి. కొత్తదాన్ని కదా."

"మరి తెగిన వాక్యాలు?" అని మాత్రం అడగగలిగాను.

"తెగలేదు మేడం. ఇదిగో." ఐదో ఫారం చివర మొదటి సాక్షి, "నేను చూసింది చెప్తాను, ఆ సాయంత్రం గిడ్డంగి తలుపు" అంటున్నాడు. ఆవిడ దాని పక్కన ఆరో ఫారం పెట్టింది. అది "తీసే ఉంది" అని మొదలైంది. ఆ సాయంత్రం గిడ్డంగి తలుపు తీసే ఉంది. ఇంతకంటే మామూలు వాక్యం ప్రపంచంలో ఉండదు. ఆ తలుపు మీద నేను రెండు పేజీలు రాశాను. చెప్పని మాట, మూసిన నోరు, సగంలో ఆగిన నిజం అని. సదస్సులో చేతులు పట్టుకున్న పెద్దాయన గుర్తొచ్చాడు. కుర్రతనంలో గమనించలేదట. పాపం, ఎలా గమనిస్తాడు, ఆయన చదివిన పుస్తకం సరిగ్గా కుట్టారు.

నేను తప్పుచేసినవాళ్లు చేసే పనే చేశాను. అరిచాను. "ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"పుస్తకం మీ దగ్గరే ఉంది కదా మేడం."

"మీ చేతకానితనానికి నా పరువు పోవాలా? ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్తే మీ సంగతేమవుతుందో తెలుసా?"

"వెళ్లండి మేడం. తప్పు నాదే." ఆవిడ గొంతు పెరగలేదు. ఫారాలు సర్దుతూ అంది, "మీరు ఊఁ అంటే మళ్లీ పాత వరసలోనే పేర్చి పంపిస్తాను. ఫోటో తీసేవాళ్లు మడత లోపల అంకెలు చూడరు. ఈ మాట బయటికి పోదు. కానీ ముందు ఒకసారి సరైన వరసలో చదవండి."

ఆ క్షణంలో నన్ను కాల్చింది పరువు కాదు. ఆవిడ ఇన్ని కథలకు ఇన్ని మాటలు చెప్పింది, ఒక్కటీ నాకు తట్టలేదు, పోనీలే, నాకంటూ ఒక్క గొప్ప ఆలోచన ఉందని ఇన్నేళ్లు గర్వపడ్డాను. ఆ ఒక్కటీ కూడా ఆవిడ కుట్టిందే! నా బుర్రలోంచి పుట్టిందనుకున్నది ఆవిడ సూదిలోంచి వచ్చింది. ఇక నా దగ్గర నాదనేది ఏముంది?

స్టూలు మీద కూలబడ్డాను. ఆవిడ ఒక్కో ఫారం అందించింది. నేను చదివాను.

సరైన వరసలో ఆ నాటకం వేరు. సాక్షులు ముందు వస్తారు. కూలివాడు చెప్తాడు. బండివాడు చెప్తాడు. అన్న ఇద్దరినీ మళ్లీ చెప్పమంటాడు. ఆఖరికి తల్లి వస్తుంది. ఆమె అబద్ధమాడే మనిషి కాదు, చిన్నకొడుక్కి వ్యతిరేకంగానే అయినా తను చూసింది చూసినట్టు చెప్తుంది. "మళ్లీ చెప్పండి" అంటాడు కొడుకు. చెప్తుంది. "మళ్లీ చెప్పండి." నాలుగుసార్లు. నాలుగోసారి ఆమె ఏడుస్తూ కూర్చుండిపోతుంది. ఆ తర్వాత తీర్పు. తీర్పు చదివేటప్పుడు అన్న కాగితం మీంచి తల ఎత్తడు. అంతే. అసూయ ఆ మనిషిలో వెతికినా లేదు. ఉన్నదంతా చదివిన నాలోనే ఉంది.

"నాలుగుసార్లెందుకు?" అన్నాను నాలో నేను అనుకుంటున్నట్టు.

ఆవిడ జిగురు కలుపుతోంది. తల తిప్పకుండానే అంది, "అడగడం ఆపితే శిక్ష వెయ్యాలి కదా మేడం. అందుకే అడుగుతూనే ఉన్నాడు."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ అన్న కోసం కొంత. ఆ మాట నాకు తట్టనందుకు ఎక్కువ.

సరైన వరసలోనే పంపమన్నాను. నిజాయితీ అనుకునేరు. కాదు. నా రహస్యం ఆవిడ దగ్గర ఉండగా రోజూ ఆ మెట్ల ముందు నుంచి నడవడం నా వల్ల కాదు, అందుకు. ప్రిన్సిపాల్ దగ్గరికీ వెళ్లలేదు. వెళ్తే పుస్తకం ఇన్నేళ్లు ఎవరి దగ్గరుందని అడుగుతారు.

మర్నాడు క్లాసులో చెప్పేశాను. మన కాలేజీ ప్రతి తప్పుగా కుట్టింది, నేను ఇన్నేళ్లు చెప్పింది తప్పు, తీర్పు తర్వాతే వస్తుంది అని. ఆకాశం విరిగి పడుతుందనుకున్నాను. ముందు బెంచీలో అమ్మాయి చెయ్యెత్తింది.

"మేడం, పరీక్షలో ఏది రాయాలి?"

"కొత్తది."

"పాతది బట్టీ వచ్చేసింది మేడం" అంది, నేనేదో అన్యాయం చేసినట్టు. వెనక బెంచీవాళ్లు నవ్వారు. నా జీవితకాలపు సిద్ధాంతానికి జరిగిన సంతాపసభ అంతటితో ముగిసింది.

ముప్పై పేజీల ముందుమాట చించేశాను. వారం కూర్చుని రెండు పేజీలు రాశాను. మూడు పేరాలు, అన్నీ జాగ్రత్తగా, తడబడకుండా, చప్పగా. రెండో పేజీలో మాత్రం ఒక వాక్యం వచ్చి కూర్చుంది: అడగడం ఆపితే శిక్ష వేయాలి, అందుకే అతడు అడుగుతూనే ఉన్నాడు. ఎవరన్న మాటో రాయలేదు. 'వెయ్యాలి'ని 'వేయాలి' చేశాను కదా, కొంత నాదీ ఉంది కదా అని సర్దిచెప్పుకున్నాను. తీసేసి చూశాను. తీసేస్తే మిగతా రెండు పేజీలు గాలి పోయిన ట్యూబులా పడిపోయాయి. మళ్లీ పెట్టేశాను.

ప్రూఫు ఒక పొద్దున్నే వచ్చింది. వంటింటి బల్ల మీద పెట్టి, టీ గ్లాసు పక్కకు జరిపి, మా అమ్మాయి చదివింది. నేను స్టవ్వు తుడుస్తూ ఓరగా చూస్తున్నాను. రెండో పేజీలో ఆగింది. పెన్సిలుతో ఆ వాక్యం కింద గీత గీసింది.

"అమ్మా, ఇది చాలా బాగుంది" అంది. "ఇది నువ్వే రాశావా?"

అలా నన్నెప్పుడూ చూడలేదు అది. పిన్ని ముందు కూర్చున్నప్పుడు పెద్దవయ్యే కళ్లు నా ముందు పెద్దవయ్యాయి.

"ఊఁ" అన్నాను.

అది ఒక్క క్షణం నన్ను చూసి, "ఇంకేమైనా మార్చాలా? ఇంకోసారి చూసుకో" అంది. "ఏం లేదు, బాగానే ఉంది" అన్నాను. మధ్యాహ్నం కాలేజీ వరండాలో ఎదురై, "పంపేశావా? ఏమైనా మార్చాలేమో చూసుకున్నావా?" అంది. సాయంత్రం బట్టలు మడతపెడుతూ మళ్లీ అదే. "ఎన్నిసార్లే? ఉన్నది రెండు పేజీలు!" అని విసుక్కున్నాను.

ఆ రోజంతా ఆ కళ్లు తలుచుకుని మురిసిపోదామని చూశాను. కుదరలేదు. తలుచుకున్న ప్రతిసారీ అవి చూస్తున్నది నన్ను కాదని గుర్తొచ్చేది. పొగడ్త నా ఇంటికి వచ్చి, నా బల్ల దగ్గర కూర్చుని, ఆవిడకే చేరింది. నా కూతురు నన్ను మెచ్చుకున్నప్పుడు కూడా మెచ్చుకున్నది ఆవిణ్ణే. అబద్ధమాడినందుకు సిగ్గేసిందని చెప్తే గౌరవంగా ఉంటుంది కానీ, నిజానికి నేను ఓర్చుకోలేకపోయింది అది. నా పేరు కింద కూర్చుని కూడా ఆ వాక్యం ఆవిడదిగానే మెరుస్తోంది.

మర్నాడు లేవగానే ప్రూఫు తీసి, ఆ వాక్యం ముందు ఎర్ర పెన్నుతో రాశాను: 'మా కాలేజీలో పుస్తకాలు కుట్టే ఆవిడ నాతో అన్నట్టు'. ఏడు మాటలు. ముప్పై పేజీలు రాసినప్పుడు కూడా చెయ్యి అంత నొప్పి పుట్టలేదు. ఆ కాగితం తీసుకెళ్లి మా అమ్మాయి ముందు పెట్టాను. తల దువ్వుకుంటోంది. దువ్వెన జుట్టులోనే వదిలేసి చదివింది.

"నిన్న అబద్ధం చెప్పాను. నాది కాదు" అన్నాను.

"తెలుసమ్మా."

"తెలుసా?"

"పుస్తకం విప్పిన రోజే పిన్ని చూసింది. నీకెలా చెప్పాలో తెలీక ముందు నన్నడిగింది. మూడు రోజులు ఇద్దరం కూర్చుని ఆలోచించాం. ఆ మాట అప్పుడే అంది."

నాకంటే ముందే. అది కూడా నాకంటే ముందు దీనికే. ఆ స్థితిలో కూడా నా కడుపులో అదే పాత మంట లేచింది.

"మరి తెలిసి తెలిసి నువ్వే రాశావా అని ఎందుకడిగావు? నేను ఊఁ అంటే ఎందుకు ఊరుకున్నావు?"

"ఊరుకోలేదు కదా. మార్చాలా మార్చాలా అని మూడుసార్లు అడిగా" అంది మా అమ్మాయి. జుట్టులోంచి దువ్వెన తీసి బల్ల మీద పెట్టింది. "ఇవాళ కూడా అడుగుదామనే లేచానమ్మా."